ఉల్లికాడల బాకీ

ఒసాకాలో మేం ముగ్గురం తప్పిపోయింది
ఊళ్లో కాదు, ఊరి కింద.
ఉమేదా స్టేషను పొట్టలో
నేను, మునిరత్నం, వెల్డింగు షాపు కస్తూరి.
ఒరగడం ఫ్యాక్టరీ ఇరవై రోజుల శిక్షణకని పంపితే
మొదటి ఆదివారమే తెలిసొచ్చింది,
అక్కడ ఎక్కిన మెట్లు కూడా కిందికే దించుతాయని.

ఎటు తిరిగినా అదే కేకుల దుకాణం.
నాలుగోసారి కనబడ్డప్పుడు
కౌంటరు వెనక పిల్ల తల వంచి పలకరించింది,
పాత చుట్టాల్ని చూసినట్టు.
మునిరత్నం బాణం గుర్తుల్ని నమ్మాడు.
కస్తూరి జనాన్ని నమ్మింది, అందరూ పోయేవైపే పోదామంది;
అందరూ అన్నివైపులా పోతున్నారు.
నేను ఫోన్ని నమ్మాను. అందులో నా నీలం చుక్క
సముద్రంలో నిలబడి ఉంది.

ఏం జనం!
దీపావళి ముందు సాయంత్రం రంగనాథన్ వీధిని
నోరు మూయించి నడిపిస్తే ఎలా ఉంటుందో అలా.
బూట్ల చప్పుడు తప్ప మాట లేదు.

అప్పుడొక ముసలావిడ.
ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో సంచీ,
సంచీలోంచి తొంగిచూస్తూ ఉల్లికాడలు.
మా కాగితం అందుకుని కళ్లజోడు పెట్టుకుంది.
చెయ్యి చూపించి పోతుందనుకున్నాం.
నడిచింది. మేం వెనక.
పన్నెండు నిమిషాలు, రెండు ఎస్కలేటర్లు, పొడుగాటి ఒక సొరంగం.
ఆరో నంబరు ద్వారం దగ్గర
ఇదిగో ఆకాశం అన్నట్టు చెయ్యి చాపి,
వంగి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది.
ఆవిడ పోవాల్సింది అటు కాదని
అప్పటిగ్గాని మాకు వెలగలేదు.
పేరడగలేదు. అడుగుదామంటే మాకొచ్చిన జపాను మాటలు
బోల్టు, బిగించు, జాగ్రత్త.

తిరిగొచ్చినా ఆ బాకీ నా మెడకి చుట్టుకునే ఉంది.
చెన్నైలో ఒక్క జపాను మనిషైనా
దారి తప్పకపోతాడా అని చూస్తూ తిరిగాను.

నవంబరు. సెంట్రల్ మెట్రో, నేల కింద.
పైన వాన, ఇక్కడ తడి చెప్పుల జారుడు.
స్తంభం పక్కన ఒకతను ఫోన్ని పైకెత్తి
అటూ ఇటూ తిప్పుతున్నాడు.
నేను వెతుకుతున్న ముఖమే!
దగ్గరికి వెళ్లి, నడుం వంచి,
నా జపానంతా ఒక్క గుక్కలో అప్పజెప్పాను.
బోల్టు కూడా దొర్లిందేమో అందులో.

ఓపిగ్గా విన్నాడు.
తర్వాత తమిళంలో, నాకన్నా మంచి తమిళంలో,
"మాది దీమాపూర్ అన్నా.
పదకొండేళ్లుగా చూళైమేడులో ఉంటున్నా.
సిగ్నలు లేక తిప్పుతున్నా. మీరెటు పోవాలి?"

మా తాత పెరంబూరు కార్ఖానాలో
రైలుపెట్టెలకి రేకులు కొట్టాడు.
నేను అక్కడే పుట్టాను, నా పిల్లలూ అక్కడే.
నోరు విప్పితే ఇప్పటికీ
"ఆంధ్రాలో ఏ ఊరు మీది?" అంటారు.
ఆ ప్రశ్న నలభై ఏళ్లు మోసినవాణ్ణి
ఈ మనిషిని, అడగనైనా అడక్కుండా,
సముద్రం దాటించి పారేశాను.

"పార్కు స్టేషను వైపు" అన్నాను తల దించుకుని.
నిజానికి అది ఎటో నాకూ తెలీదు,
ఈ సొరంగాలు మొన్నమొన్న వచ్చినవి.
అతను ఫోను జేబులో పెట్టి నడిచాడు.
నేను వెనక.
వీపు సంచీలో సగం పట్టక
బయటికి ఊగుతున్న మునక్కాడలు
మలుపు తిరిగినప్పుడల్లా నా ముక్కుకి తగులుతూ.

మెట్ల పైన వాన హోరు.
ఈసారి పేరు అడిగాను.
"తోషి."
నేను చూసిన చూపుకి పడీపడీ నవ్వాడు.
"అది కూడా మా ఊరి పేరే అన్నా!"

అతని రైలు కిందనట. దిగిపోయాడు.
గొడుగు తెచ్చుకోలేదు నేను.
చూరు కింద నిలబడి లెక్క చూసుకున్నాను:
ఉల్లికాడలావిడకి ఒకటి,
మునక్కాడలాయనకి ఒకటి.